డబ్బా మీద 500 మి.లీ. దాటొద్దని ఉంది, నేను దాటలేదు. మరి గుండె దడ ఎందుకు?

రాత్రిషిఫ్ట్
రాత్రి పని చేసేవాణ్ణి, అందుకే ఈ పేరు. పోయిన గురువారం రాత్రి పదింటికి ఒక ఎనర్జీ డ్రింక్ తాగాను, 250 మి.లీ. డబ్బా. పన్నెండున్నరకి పెద్ద కప్పు కాఫీ. రెండింటికి ఇంకో డబ్బా. మూడున్నరకి పక్క సీటాయన కాఫీ తెచ్చిపెట్టాడు, తెచ్చాక వద్దంటే ఏం బాగుంటుంది, అదీ తాగేశా. నాలుగింటికి వేళ్ళు సన్నగా వణకడం మొదలైంది, మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు తెర మీద ఈగలా తిరుగుతోంది, గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పోతే ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు, కెఫీన్ తగ్గించు అన్నారు, అంతే.

నా సందేహం ఇది. డబ్బా మీద "రోజుకి 500 మి.లీ. మించి తాగరాదు" అని ఉంది. నేను సరిగ్గా 500 తాగాను. అంటే రూల్ పాటించినట్టే కదా? పైగా ఇదే లెక్కన నెలల తరబడి తాగుతున్నా, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈ రూల్స్ ఎవరు రాస్తారు, ఏ లెక్కన రాస్తారు, తెలిసినవాళ్ళు చెప్పండి.

అడ్డప్రశ్న
రూల్ పాటించావు గానీ రూల్‌కి కాఫీ సంగతి తెలీదు కదా బాస్. డబ్బాకి తన లెక్క ఒక్కటే తెలుసు.

గాజుగొట్టం
ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి అంకెల వరకు చెప్తాను. భారత్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన ఆహార భద్రతా సంస్థ) ప్రమాణం ప్రకారం లీటరుకి 145 నుంచి 300 మి.గ్రా. కెఫీన్ ఉంటే దాన్ని "కెఫినేటెడ్ బెవరేజ్" అంటారు. 300 దాటకూడదు. పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, కెఫీన్ పడనివాళ్ళకి మంచిది కాదని రాయాలి, మీరు చెప్పిన 500 మి.లీ. మాట కూడా అందులోదే. 145 లోపు ఉన్నవి మామూలు కూల్‌డ్రింకుల లెక్కలోకి వస్తాయి. మామూలు కోలాల్లో లీటరుకి 100 మి.గ్రా. దరిదాపుల్లో ఉంటుంది.

కాబట్టి 300 లెక్కన మీ డబ్బా ఒక్కోటి 75 మి.గ్రా., రెండు కలిపి 150. రూల్ రాసినవాళ్ళ మనసులో ఉన్న గరిష్ఠం కూడా అదే, 500 మి.లీ. అంటే 150. మీ రెండు కాఫీలు ఆ 150కి బయట.

డంబెల్
150 అంటే ఏముంది తమ్ముడూ, నేను వ్యాయామానికి ముందు కలుపుకునే పొడి ఒక్క స్కూపులోనే 200 ఉంటుంది. అలవాటైపోతుంది. భయపడకు.

మందుచీటీ
డంబెల్ గారూ, అలవాటు కావడం నిజమే, కానీ గుండె దడ వచ్చిందన్న మనిషికి "భయపడకు" అని మాత్రం చెప్పకండి. ఫార్మసిస్టుని, రోజూ చూస్తున్నదే చెప్తున్నా.

రాత్రిషిఫ్ట్ గారూ, మీ లెక్క వేసి చూశాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 400 మి.గ్రా. వరకు పర్వాలేదని అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ), యూరప్ ఆహార భద్రతా సంస్థ రెండూ అంటాయి. యూరప్ వాళ్ళు 2015లో ఇంకో మాట కూడా చేర్చారు, ఒక్కసారికి 200 దాటొద్దు అని. మీరు తాగింది 75, 95, 75, 95 అనుకుందాం (పెద్ద కప్పు కాఫీకి 95 అనేది సగటు, మీ ఆఫీసు మిషన్ ఎంత చిక్కగా పోస్తుందో నాకు తెలీదు). మొత్తం 340. రోజు లెక్కలో పాస్. కానీ కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఆ లెక్కన నాలుగింటికి మీ ఒంట్లో మొదటి డబ్బాది 33, మొదటి కాఫీది 58, రెండో డబ్బాది 57, రెండో కాఫీది 89 మిగిలే ఉన్నాయి. కలిపితే 235 పైనే. అంటే నాలుగు చిన్న మోతాదులు కలిసి ఒక పెద్ద మోతాదు అయి కూర్చున్నాయి. ఈ సంగతి ఏ డబ్బా మీదా రాయరు, రాయలేరు కూడా.

ఒక ప్రశ్న. నెలల తరబడి ఇదే తాగుతున్నా ఏం కాలేదన్నారు. ఈ మధ్య కొత్తగా మందులేమైనా మొదలుపెట్టారా? సిగరెట్ తాగే అలవాటు ఉందా, ఉంటే మానేశారా?

అడ్డప్రశ్న
సిగరెట్‌కీ కూల్‌డ్రింక్‌కీ సంబంధం ఏంటి అని అడగబోతున్నా కానీ ఆగుతా, ముందు నా గోల. కాఫీ మీద ఈ హెచ్చరికలేవీ ఎందుకు ఉండవు? డబ్బాలో 75 ఉంటే ఎర్రక్షరాలు, కప్పులో 95 ఉంటే సుప్రభాతం. అదే అణువు కదా రెండింట్లో?

గాజుగొట్టం
అణువు అదే, మా మిషన్‌కి తేడా తెలీదు. కాఫీ గింజలోంచి వచ్చినా, ఫ్యాక్టరీలో చేసినా గ్రాఫ్‌లో శిఖరం ఒకే చోట లేస్తుంది. ఎలా చేస్తామంటే, ముందు డ్రింక్‌లో గ్యాస్ మొత్తం పోగొట్టాలి, లేకపోతే బుడగలు గొట్టంలోకి దూరి అంకెలు పాడు చేస్తాయి. నీళ్ళ తొట్టిలో పెట్టి అల్ట్రాసౌండ్‌తో కదిలిస్తే బుసబుసా పొంగి చప్పబడిపోతుంది. దాన్ని సన్న ఫిల్టర్‌లో వడకట్టి, పలచన చేసి, హెచ్‌పీఎల్‌సీ అనే, ద్రవంలో ఉన్నవాటిని విడదీసి కొలిచే మిషన్‌లోకి ఎక్కించి 272 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తాం. కొన్ని నిమిషాల్లో కెఫీన్ శిఖరం వచ్చేస్తుంది. ఆ గ్రాఫ్ చూసి ఇది కాఫీయా కోలానా అని చెప్పమంటే కెఫీన్ ఒక్కదాన్ని బట్టి నేను చెప్పలేను.

తేడా చూపేది చట్టమే. యూరప్ నిబంధన 1169/2011లో లీటరుకి 150 మి.గ్రా. దాటితే "అధిక కెఫీన్, పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి సిఫారసు చేయం" అని పేరు కనిపించే వైపే రాయాలి, పక్కన 100 మి.లీ.కి ఎన్ని మి.గ్రా. అనేది కూడా. కానీ పేరులోనే "కాఫీ" లేదా "టీ" అని ఉంటే మినహాయింపు. కాఫీ అని చదివినవాడికి కెఫీన్ ఉంటుందని తెలుసు, పళ్ళ రుచితో వచ్చే రంగునీళ్ళలో ఉంటుందని తెలీదు, అందుకే అనేది వాళ్ళ వాదన.

అడ్డప్రశ్న
తెలుసు అనుకోవడం మీద చట్టం కట్టారన్నమాట. పదేళ్ళ పిల్లాడికి సీసాలో తియ్యటి కోల్డ్ కాఫీ ఇస్తే వాడికేం తెలుసు?

బడిగంట
హైస్కూల్ టీచర్ని. పిల్లల సంగతి వచ్చింది కాబట్టి. మా తరగతిలో ఒకబ్బాయి పరీక్షల వారం మొత్తం ఈ డబ్బాల మీదే బతికాడు. మూడో రోజు పేపర్ ఇచ్చాక చూస్తే మొదటి పేజీలో అక్షరాలు బానే ఉన్నాయి, నాలుగో పేజీకి వచ్చేసరికి గీతలు గీతలుగా వంకర్లు పోయాయి. పిలిచి అడిగితే "మేడమ్, నిద్ర రావట్లేదు, కానీ చదివింది గుర్తు రావట్లేదు" అన్నాడు. వాడి సంచీలో ఖాళీ డబ్బాలు రెండు దొరికాయి. "పిల్లలకి కాదు" అని వాటి మీద ఉంది. ఎక్కడ ఉందంటే, అతుకు పక్కన, వెండి రంగు మీద బూడిద రంగు అక్షరాలతో. నా కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్ లైటు వేసి చదవాల్సి వచ్చింది.

నాకు అర్థం కానిది, "పిల్లలకి కాదు" అని రాయమంటారు, కానీ పిల్లాడు వచ్చి డబ్బులిస్తే అమ్మొద్దు అని ఎందుకు అనరు?

పాతకాగితం
అనే దేశాలు ఉన్నాయి మేడమ్. లిథువేనియా 2014 నవంబరులోనే 18 లోపువాళ్ళకి అమ్మకం ఆపేసింది, యూరప్ యూనియన్‌లో మొదటిది అదే. 2016లో లాత్వియా. 2024 జనవరి 1 నుంచి పోలండ్, అక్కడ లీటరుకి 150 మి.గ్రా. పైన కెఫీన్ గానీ, టారిన్ (ఈ డబ్బాల్లో కలిపే ఇంకో పదార్థం) గానీ కలిపినవి 18 లోపువాళ్ళకి అమ్మకూడదు, బడుల్లో, నాణెం వేస్తే డబ్బా పడే మిషన్లలో అసలే పెట్టకూడదు. ఇంగ్లండ్‌లో పెద్ద సూపర్ మార్కెట్లు 2018లో తమంతట తామే 16 లోపువాళ్ళకి అమ్మడం మానేశాయి, 2025 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్నే చట్టం చేస్తామని ప్రజాభిప్రాయం అడిగింది. దక్షిణ కొరియా 2018లో ఇంకో అడుగు వేసి బడుల్లో కాఫీ కూడా అమ్మొద్దంది. అడ్డప్రశ్న గారికి నచ్చే చట్టం అదొక్కటే అనుకుంటా :)

అడ్డప్రశ్న
కొరియా వాళ్ళకి నా నమస్కారం. కనీసం వాళ్ళు అణువుని అణువుగా చూశారు.

మందుచీటీ
పిల్లల విషయంలో ఒక కొలత ఉంది. యూరప్ సంస్థ లెక్క కిలో బరువుకి రోజుకి 3 మి.గ్రా. పిల్లల మీద సమాచారం చాలదని వాళ్ళే ఒప్పుకుని, పెద్దవాళ్ళ లెక్కనే ఆధారంగా తీసుకున్నారు. 20 కిలోల పిల్లకి 60 అంటే 75 మి.గ్రా. డబ్బా ఒక్కటి తాగినా గీత దాటినట్టే. 30 కిలోల పిల్లాడికి 90, డబ్బా తాగి ఒక కోలా తాగితే దాటినట్టే. గర్భిణులకి అన్నీ కలిపి రోజుకి 200. కడుపుతో ఉన్నప్పుడు చివరి నెలల్లో కెఫీన్ ఒంట్లోంచి పోవడం బాగా నెమ్మదిస్తుంది, 5 గంటల పని 15 గంటలు పట్టొచ్చు.

డంబెల్
యూరప్‌లో 320 దాటితే నిషేధం అని చదివానే, ఇక్కడ 150 అంటున్నారు?

గాజుగొట్టం
రెండూ వేరు. 150 అనేది యూనియన్ మొత్తానికి లేబుల్ గీత, దాటితే రాయాలి, అంతే. 320 అనేది జర్మనీ లాంటి దేశాలు విడిగా పెట్టుకున్న గరిష్ఠ పరిమితి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో కూడా ఈ తరహా డ్రింకులకి 145 నుంచి 320. జర్మనీ కెఫీన్‌తో ఆగలేదు, ఈ డబ్బాల్లో కలిపే మిగతావాటికి కూడా, లీటరుకి టారిన్ 4000 మి.గ్రా., గ్లూక్యురోనోలాక్టోన్ 2400, ఇనోసిటాల్ 200 అని అన్నిటికీ గీతలు గీసింది.

అడ్డప్రశ్న
320, 4000. యూరప్‌లో బాగా అమ్ముడుపోయే డబ్బా వెనక అంకెలు ఒకసారి చూడండి, లీటరుకి లెక్కేస్తే ఇవే వస్తాయి. చొక్కా కొలత తీసుకుని మనిషిని వెతకలేదు, మనిషిని నిలబెట్టి చొక్కా కుట్టారు. నా అనుమానం మాత్రమే, ఎవరూ కేసు వేయొద్దు.

బడిగంట
టారిన్ అంటే ఎద్దు నుంచి తీసేదే కదా? పిల్లలు ఇంకా ఘోరంగా చెప్పుకుంటారు, ఇక్కడ రాయలేను.

గాజుగొట్టం
పేరు మాత్రం ఎద్దుదే. 1827లో ఎద్దు పైత్యరసంలో మొదట కనిపెట్టారు, లాటిన్‌లో ఎద్దుని టారస్ అంటారు. ఇప్పుడు డబ్బాల్లో కలిపేది ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసిందే. మన ఒంట్లో కూడా తయారవుతుంది. నిద్ర ఆపేది అది కాదు, ఆ పని కెఫీన్‌దే. ఒంట్లో అడినోసిన్ అనేది పోగుపడుతూ "ఇక పడుకో" అని చెప్తుంటుంది, కెఫీన్ పోయి దాని కుర్చీలో కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, కబురు అందదు, అంతే. ఫ్రాన్స్ మాత్రం టారిన్ మీద అనుమానంతో రెడ్ బుల్‌ని ఏళ్ళ తరబడి రానివ్వలేదు, 2008లో వదిలింది.

నాకు అసలు చిరాకు ఈ డ్రింకుల్లో వేసే గ్వారానా అనే గింజతో. ఆ గింజలో కాఫీ గింజ కంటే ఎక్కువ కెఫీన్ ఉంటుంది. లేబుల్ మీద "గ్వారానా సారం" అని ఆకుపచ్చ ఆకు బొమ్మతో వేస్తారు, చదివినవాడు ఏదో మూలిక అనుకుంటాడు. అందుకే భారత్ ప్రమాణంలో "ఏ మూలం నుంచి వచ్చినా మొత్తం కెఫీన్" అని రాశారు. ఆ చిన్న మాట లేకపోతే 300 పరిమితికి అర్థమే లేదు.

డంబెల్
అమెరికాలో ఈ గొడవ లేదు. 473 మి.లీ. డబ్బాలో 300 మి.గ్రా. దొరుకుతుంది.

పాతకాగితం
అదే విచిత్రం. అమెరికా నిబంధనలో కోలా తరహా డ్రింకుల్లో కెఫీన్ 0.02 శాతం వరకు సురక్షితం అని ఉంది, అంటే లీటరుకి 200, 355 మి.లీ. డబ్బాకి 71. మీరు చెప్పింది లీటరుకి 630 పైమాటే. ఆ గీత "కోలా తరహా"కి గీసింది, మాది కోలా కాదు, మా పదార్థం సురక్షితమని మా నిపుణులు తేల్చారు అంటారు, ఆ దారి అక్కడ చట్టంలోనే ఉంది. ఎంత కెఫీన్ ఉందో అంకె వేయాలన్న నియమం కూడా లేదు, వేసేవాళ్ళు ఇష్టపడి వేస్తున్నారు. పక్కనే కెనడాలో ఒక్కసారి తాగే డబ్బాకి 180 మించకూడదు. లీటరు లెక్క కాకుండా డబ్బా లెక్క పెట్టిన ఆ పద్ధతే నాకు నచ్చింది, మనిషి తాగేది డబ్బా కాబట్టి.

పాత కాగితాలు తిరగేసే అలవాటుతో ఒకటి చెప్తా. ఈ తగువు కొత్తది కాదు. 1909లో అమెరికా ప్రభుత్వం కోకా-కోలా షుగర్ పాకం 40 పెద్ద పీపాలు, 20 చిన్న పీపాలు పట్టుకుంది, కేసు పేరే అది, "అమెరికా వర్సెస్ 40 పీపాలు, 20 కెగ్గులు". వెనకుండి నడిపించింది హార్వీ వైలీ అనే రసాయన శాస్త్రవేత్త, ఆహార కల్తీ చట్టం తెచ్చిన మనిషి. 1911లో అమెరికాలోని చాటనూగా ఊళ్ళో విచారణ. ప్రభుత్వం వాదన రెండు ముక్కలు, ఒకటి కెఫీన్ హానికరమైన "కలిపిన పదార్థం", రెండోది పేరులో కోకా, కోలా అన్నారు గానీ కోకా లేనే లేదు, కోలా నామమాత్రం అని. కంపెనీ హ్యారీ హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తతో కెఫీన్ మీద ప్రయోగాలు చేయించుకుంది. జడ్జి కెఫీన్ ఆ పానీయంలో అంతర్భాగమే, కలిపింది కాదు అని కేసు కొట్టేశాడు. 1916లో సుప్రీంకోర్టు కాదు, కలిపిందే అవుతుంది అని తిప్పి పంపింది. చివరికి రాజీ, కంపెనీ కెఫీన్ తగ్గించింది. నూరేళ్ళు దాటింది, మనం ఇంకా "కలిపిందా, దానంతట ఉన్నదా" అనే మాట దగ్గరే ఉన్నాం. పైన పోలండ్ చట్టంలో కూడా సహజంగా ఉన్న కెఫీన్‌కి మినహాయింపే.

వేదికపెద్ద
చిన్న మనవి. ఒక సభ్యుడు పొడి కెఫీన్ ఎక్కడ దొరుకుతుందని లింక్ పెట్టాడు, తీసేశాను. ఒక టీస్పూను శుద్ధ కెఫీన్ పొడి అంటే 28 కప్పుల కాఫీ అని ఎఫ్‌డీఏ లెక్క. వంటింటి చెంచాతో కొలిచే సరుకు కాదు. మళ్ళీ పెడితే ఖాతా మూసేస్తా.

డంబెల్
నేను కాదు పెట్టింది, ముందే చెప్తున్నా. కానీ ఆటల్లో కూడా కెఫీన్ నిషేధం ఉండేది కదా?

మందుచీటీ
ఉండేది. ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ 2004లో జాబితాలోంచి తీసేసింది, గమనిస్తూ మాత్రం ఉంటుంది. అంతకు ముందు మూత్రంలో మిల్లీలీటరుకి 12 మైక్రోగ్రాములు గీత. ఒకే మోతాదు తాగిన ఇద్దరిలో ఆ అంకె బోలెడంత తేడాగా వచ్చేది, లివర్ పనితనం మనిషి మనిషికీ వేరు కాబట్టి.

అడ్డప్రశ్న
ఇంకొకటి అడిగి పోతా. చక్కెర లేని "ఎనర్జీ" డ్రింక్‌లో ఎనర్జీ ఎక్కడిది?

గాజుగొట్టం
లేదు. కెఫీన్‌కి కేలరీలు ఉండవు. పోషక పట్టికలో శక్తి దగ్గర దాదాపు సున్నా ఉంటుంది, పైన పేరు మాత్రం అదే. పేరు సంగతికి వస్తే, 2024 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి చెప్పింది, పాల పొడి, మాల్ట్ పానీయాలని "హెల్త్ డ్రింక్", "ఎనర్జీ డ్రింక్" వరసలో పెట్టొద్దు, ఎనర్జీ అనే మాట నీళ్ళతో చేసిన రుచి పానీయాలకి మాత్రమే అని. అంటే నిజంగా కేలరీలు ఉన్నదానికి ఆ పేరు లేదు, లేనిదానికి ఉంది. నవ్వుకోండి.

రాత్రిషిఫ్ట్
అందరికీ థాంక్స్, రెండు రోజులు డ్యూటీ వల్ల రాలేకపోయాను. మందుచీటీ గారూ, మీకెలా తెలిసిందో గానీ, సిగరెట్ మానేసి మూడు వారాలైంది. రోజుకి పెట్టె తాగేవాణ్ణి. మానేశాక చేతులు ఊరికే ఉండక కాఫీ ఇంకో కప్పు పెరిగింది కూడా. ఈ వణుకు నికోటిన్ లేక వస్తోందనుకుని, దాన్ని ఆపడానికి మళ్ళీ కాఫీ తాగుతున్నా. దీనికీ దానికీ లింకు ఏంటి?

మందుచీటీ
అనుకున్నా. పొగలోని పదార్థాలు లివర్‌లో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ని ఉరుకులు పెట్టిస్తాయి, కెఫీన్‌ని కరిగించేది అదే. అందుకే పొగ తాగేవాళ్ళ ఒంట్లోంచి కెఫీన్ దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. మానేసిన కొద్ది రోజులకే ఆ ఎంజైమ్ మామూలు నడకకి వస్తుంది. మీ కప్పులు మాత్రం తగ్గలేదు, పైగా ఒకటి పెరిగింది. పోయిన నెల మీకు 340 అంటే ఒంట్లో నిలిచింది వేరు, ఇప్పుడు వేరు. సిప్రోఫ్లాక్సాసిన్ వాడినా, గర్భనిరోధక మాత్రలు వేసుకున్నా ఇలాగే కెఫీన్ ఎక్కువసేపు నిలుస్తుంది, మా కౌంటర్ దగ్గర ఈ మాట చెప్తే సగం మంది నమ్మరు.

సిగరెట్ వైపు మాత్రం మళ్ళీ చూడకండి. కాఫీ సగానికి దించండి, ఒకేసారి ఆపితే తలనొప్పి పట్టుకుంటుంది. దడ మళ్ళీ వస్తే ఇక్కడ పోస్టు పెట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అడ్డప్రశ్న
అంటే లేబుల్ మీద "మీరు మూడు వారాల కిందట సిగరెట్ మానేసి ఉంటే" అని కూడా రాయాలి. అతుకు పక్కన. బూడిద రంగులో.

రాత్రిషిఫ్ట్
నిన్న రాత్రి ఒకటే డబ్బా, ఒకటే కాఫీ. డబ్బా తిప్పి తిప్పి చదివా మొదటిసారి, "100 మి.లీ.కి 30 మి.గ్రా." అని ఉంది, మొత్తం డబ్బాకి ఎంతో మనమే గుణించుకోవాలి. రెండున్నర ఇంటూ ముప్ఫై. తెల్లారగట్ట నాలుగింటికి ఆ లెక్క చేసుకోగలిగితే నాకు ఆ డబ్బా అవసరమే ఉండదు. పక్క సీటాయన మూడున్నరకి మళ్ళీ కాఫీ తెచ్చాడు. ఈసారి వద్దన్నా, ముఖం మాడ్చుకుని రెండూ ఆయనే తాగాడు.

మందుచీటీ
ఆయన్ని కూడా ఈ పోస్టు చదవమనండి.